తొడల కొవ్వు తీయించుకొన్న కోడలికి పథ్యమెవరు పెట్టవలెను?

బాలింతకు పథ్యము పెట్టుట తెలియని తెలుగు ఇల్లు లేదు. కడుపు కోసి అపెండిక్సు తీసిన కుర్రవానికి ఏమి వండి పెట్టవలెనో, తుంటి ఎముక విరిగిన ముసలమ్మను ఎట్లు లేవనెత్తవలెనో మన గృహిణులు ఒకరిని అడుగకయే ఎరుగుదురు. కాని అదే ఇంటి ఆడపిల్ల తొడలయందలి కొవ్వును తీయించుకొని వచ్చినచో ఆమెకు ముందుగా దొరకునది పరిహాసము. "ఏం కొంప మునిగిందని కోయించుకున్నావు?" అని ఒకరు, "ఒళ్లు వంచి పనిచేస్తే కరిగేదానికి లక్షలు పోశావు" అని మరియొకరు. ఈ మాటలకు వెరచి పలువురు స్త్రీలు ఇంటివారికి చెప్పకయే ఈ శస్త్రచికిత్స చేయించుకొనుచున్నారు. ఆఫీసు పని మీద పొరుగూరు పోవుచున్నానని చెప్పి నాలుగు దినములు అదృశ్యమగుట, ఐదవ దినమున తిరిగివచ్చి చీర క్రింద బిగుతు తొడుగుతో వంటయింట నిలువబడుట! ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను పురికొల్పినది ఈ రహస్యమే. నా వద్దకు వచ్చువారిలో శస్త్రము వలన కలిగిన బాధ కంటె, దానిని దాచుట వలన కలిగిన బాధయే ఎక్కువగా కనబడుచున్నది.

ఆయుర్వేద వైద్యుడు ఇట్టి చికిత్సను వెనకవేసుకొని వచ్చుటయా అని కొందరు ఆశ్చర్యపడవచ్చును. శల్యతంత్రము ఆయుర్వేదపు ఎనిమిది అంగములలో ఒకటి. ఛేదనము, భేదనము, లేఖనము మొదలుకొని సీవనము వరకు ఎనిమిది విధములైన శస్త్రకర్మలను సుశ్రుతుడు చెప్పెను. తెగిన ముక్కును చర్మముతో తిరిగి నిలుపు విద్య మన దేశమునుండియే పాశ్చాత్యులకు తెలిసినది; పూనాలో జరిగిన అట్టి చికిత్సను గూర్చి 1794లో లండను పత్రికయొకటి చిత్రముతో సహా ప్రకటించినది. ముక్కు లేకున్నను ప్రాణము పోదు. అయినను మన పూర్వులు ఆ పని చేసిరి. కావున అందముకొరకు శస్త్రము పట్టుట మనకు అపూర్వమైన విషయము కాదు.

అంతకన్న ముఖ్యమైన విషయము వేరొకటి కలదు. సుశ్రుత సంహిత సూత్రస్థానమున పందొమ్మిదవ అధ్యాయము వ్రణితోపాసనీయము. గాయపడినవాడు ఎట్టి గదిలో ఉండవలెను, ఎట్టి పడకపై పరుండవలెను, ఏమి తినవలెను, ఎవరు చెంతనుండి ప్రియమైన మాటలు చెప్పవలెను అనునదియే అందలి విషయము. ఆ గాయము యుద్ధమున తగిలినదా, దొంగతనమునకు పోయి తగిలించుకొన్నదా అను ప్రశ్న అందు లేదు. గురుకులములో ఈ అధ్యాయము పాఠము చెప్పునపుడు మా గురువుగారు ఒక దినమంతయు "ఉపాసనీయము" అను పదము మీదనే గడిపిరి. వ్రణితుని సేవింపవలెనని దాని అర్థము. విచారణ చేయుమని కాదు.

ఇక శస్త్రచికిత్స విషయము. ఇందు రెండు రకములు కలవు. సన్నని గొట్టముతో చర్మము క్రిందనున్న కొవ్వును పీల్చివేయుట మొదటిది; దీనినే లైపోసక్షన్ అందురు. వదులైన చర్మమును గజ్జనుండి, అవసరమైనచో మోకాలి వరకు, కోసి బిగించి కుట్టుట రెండవది; దీనిని తొడల లిఫ్టు అని వ్యవహరించుచున్నారు. మొదటిది 1970 దశకమున ఇటలీలో ఫిషర్ అను తండ్రీకొడుకుల చేతను, పిదప ఫ్రాన్సులో ఇల్లూజ్ చేతను రూపుదిద్దుకొన్నది. పలుచని మత్తుమందు కలిపిన ఉప్పునీటిని ముందుగా ఎక్కించి రక్తస్రావమును తగ్గించు పద్ధతిని అమెరికాకు చెందిన క్లైన్ 1987లో ప్రకటించెను. రెండవ దానిని 1957లో లూయిస్ అనునతడు వర్ణింపగా, 1988లో లాక్‌వుడ్ చర్మపు బరువంతయు లోపలి దృఢమైన పొరపై పడునట్లు కుట్టు విధానమును చెప్పి మచ్చ క్రిందికి జారకుండ చేసెను. వీటన్నిటికి ముందు 1920 దశకమున పారిసులో డుజారియే అను శస్త్రవైద్యుడు ఒక నర్తకి కాళ్లలోని కొవ్వును గోకి తీయబోగా కాలు కుళ్లి, తుదకు తీసివేయవలసి వచ్చినది. ఆ తరువాత అనేక సంవత్సరములు ఎవరును ఆ పనికి సాహసింపలేదు.

2015 జూన్ మాసమున తెలుగు చలనచిత్ర నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలోని న్యూజెర్సీలో ముప్పదియొకటవ ఏట మరణించినపుడు, అంతకు కొన్ని వారముల ముందు ఆమె కొవ్వు తీయించుకొనెనని పత్రికలు వ్రాసినవి. ఆ వార్త తరువాత మన ఇండ్లలో భయము పెరిగినది. చేయించుకొనువారి సంఖ్య తగ్గినట్లు నాకు తోచలేదు. దాచుట మాత్రము పెరిగినది.

ఎవరు చేయించుకొనుచున్నారు? సినిమా తారలను చూచి మోజుపడువారు కొందరు లేకపోలేదు. వేసవిలో రెండు తొడలు ఒరసికొని చర్మము లేచిపోయి, నడచిన ప్రతి అడుగునకు మంట పుట్టు స్త్రీని మోజుపడినదని అనగలమా? కష్టపడి ముప్పది, నలుబది కిలోలు తగ్గినపిదప సంచివలె వ్రేలాడు చర్మముతో బాధపడునామెను ఏమందుము? ఇంకను ఒక వ్యాధి కలదు: లిపిడీమా. 1940లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు దీనిని మొదట వర్ణించిరి. ఇది స్త్రీలకే మిక్కిలిగా వచ్చును. నడుము పైభాగము సన్నగానుండి, తొడలు, పిక్కలు మాత్రము రెండు ప్రక్కల సమముగా లావెక్కును; పాదములు మామూలుగానుండును; నొక్కిన నొప్పి, చిన్న దెబ్బకే కమిలిపోవుట ఉండును. ఉపవాసములు చేసినను ఆ కొవ్వు సరిగా కరగదు. ఇట్టి స్త్రీలను ఏండ్ల తరబడి "తిండి తగ్గించుకో" అని నిందించిన బంధువులు కోకొల్లలు. వారికి శస్త్రచికిత్స అలంకారము కాదు, చికిత్సయే.

కావున ఇంటి పెద్దలతో నేను చెప్పునది ఇది: చేయించుకొనక ముందు ఎన్ని ప్రశ్నలైనను అడుగుడు. చేయువాడు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. పట్టము గలవాడా? మత్తు వైద్యుడు వేరుగా ఉండునా? అపాయము వచ్చినచో అత్యవసర విభాగము ఆ ఆసుపత్రిలోనే కలదా? ఒకేసారి 5 లీటర్లకు మించి తీసినచో ఆ రాత్రి ఆసుపత్రిలోనే కనిపెట్టి ఉంచవలెను, అందులకు ఏర్పాటున్నదా? బ్యూటీ పార్లరు మేడపైనున్న గదిలో, వాయిదాల పద్ధతిపై, మధ్యాహ్నము చేసి సాయంత్రము పంపివేయుదుమను వారి వద్దకు పోనీయకుడు. కాని ఒకసారి శస్త్రము జరిగిన పిమ్మట ప్రశ్నలు మాని పక్క పరువుడు.

మొదటి పది దినములు మిక్కిలి జాగ్రత్త అవసరము. ఇంటికి వచ్చిన రోగిణిని పూర్తిగా పడుకోబెట్టుట ప్రేమ అని మనవారి భావము. ఇచ్చట అది ప్రమాదము. కదలక పరుండినచో కాలి లోతు సిరలలో రక్తపు గడ్డ ఏర్పడి, అది కదలి ఊపిరితిత్తులకు పోవచ్చును. శస్త్రవైద్యుడు వేరుగా చెప్పిననే తప్ప, మొదటి దినము నుండియే ఇంటిలో గంటకొకసారి నాలుగడుగులు నడిపింపవలెను. పరుండినపుడు పాదములను పైకి క్రిందికి ఆడింపవలెను. గర్భనిరోధక మాత్రలు వాడు అలవాటున్నచో దాచక ముందే శస్త్రవైద్యునకు చెప్పవలెను. అవి గడ్డకట్టు స్వభావమును పెంచును. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా, వెచ్చగా ఉన్నను, ఆయాసము గాని రొమ్ము నొప్పి గాని వచ్చినను, జ్వరము 101 డిగ్రీలు దాటినను, కుట్ల చుట్టును ఎరుపు ప్రాకుచున్నను, దుర్గంధముతో చీము కారుచున్నను క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. నావంటి నాడీ వైద్యుని వద్దకు ఆ సమయమున రావలదు. దాచి చేయించుకొన్న స్త్రీకి ఈ లక్షణములు అర్ధరాత్రి కనబడినచో ఎవరిని లేపును?

ఇంటి వైద్యముల పత్రికలో ఇంటి వైద్యమును నిషేధించుట వింతగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు. గత సంవత్సరము ఒక ఉపాధ్యాయిని తొమ్మిదవ దినమున నా వద్దకు వచ్చినది. వాపు తగ్గుటకై వేడి ఉప్పు మూటతో తొడకు కాపడము పెట్టినారట. అరచేయంత బొబ్బ! "నాకు వేడే తెలియలేదండీ" అని ఆమె వాపోయినది. తెలియదు. కొవ్వు తీసినచోట చర్మమునకు స్పర్శజ్ఞానము కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు మందగించును. అట్టి చర్మముపై ఉప్పు మూట, ఇటుక కాపడము, వేడినీళ్ల సంచి, మంచుగడ్డ ఏదియు నేరుగా పెట్టరాదు. వంటింటి పసుపును కుట్లపై అద్దరాదు. పసుపు గుణము మంచిదే, డబ్బాలోని పసుపు శుభ్రమైనదని ఎవరు చెప్పగలరు? వేపాకు నీళ్లతో తడుపరాదు; గజ్జలోని కుట్టు తడిసినచో విచ్చుకొనుటకు అవకాశము మెండు. నువ్వులనూనెతో గట్టిగా మర్దనము అసలే కూడదు. సిరలో గడ్డ ఉన్నచో ఆ మర్దనమే దానిని కదిలింపవచ్చును. శస్త్రవైద్యుడు చేయించు సున్నితమైన లసికా మర్దనము వేరు; అది శిక్షణ పొందినవారు చేయవలసినది.

వెల్లుల్లి గుళికలు, పసుపు సారపు మాత్రలు, గుగ్గులు కలిసిన మందులు వాడువారు శస్త్రచికిత్సకు రెండు వారముల ముందే మానవలెను. అవి రక్తము గడ్డకట్టు వేగమును మార్చవచ్చును. ఆయుర్వేద మందులు గదా, డాక్టరుకు చెప్పనేల అని చాల మంది అనుకొందురు. పనిచేయు మందు ఏదైనను చెప్పవలసినదే.

ఆహార విషయమున మనవారు చేయు పొరపాటు విచిత్రమైనది. లక్షలు పోసి తీయించిన కొవ్వు తిరిగి రాకూడదని మొదటి వారమునుండియే ఉపవాసములు మొదలుపెట్టుదురు. ఉదయము నిమ్మరసము తేనె, మధ్యాహ్నము దోసకాయ ముక్కలు, రాత్రి ఏమియు లేదు. గాయము దేనితో పూడవలెను? వ్రణమునకు ముందు బలము, పిదప లేఖనము, ఇది క్రమము. పాత బియ్యపు అన్నము వేడిగా, కొంచెము నేతితో, పెసరకట్టుతో తినుమని సుశ్రుతుడు చెప్పెను. లేత ముల్లంగి, వంకాయ, పొట్లకాయ, కాకరకాయ, చక్రవర్తికూర, దానిమ్మ, ఉసిరిక ఆయన చెప్పిన పట్టికలోనివే. అన్నియు మన అంగడిలో దొరకునవే. మాంసము తినువారికి పలుచని మాంసరసము. కొత్త బియ్యము, మినుములు, నువ్వులు, బెల్లము, పిండివంటలు, పులుపు, ఉప్పు, కారము వలదనెను. ఆవకాయ, అప్పడము, చిప్సు పొట్లము మానినచో వాపు తీయుట తేలికయగునని నేటి వైద్యులును అందురు. పాలు, పెరుగు, మజ్జిగ కూడ ఆయన నిషేధించిన వానిలో కలవు. ఈ ఒక్క విషయమున నేను అక్షరమును పట్టుకొని ప్రాకులాడను. మాంసరసము తినని ఇంటిలో పాలు కూడ మాన్పించినచో మాంసకృత్తులు ఎచ్చటనుండి వచ్చును? వెచ్చని పాలు రెండు పూటలు ఇప్పింతును. నొప్పి మాత్రల వలన మలబద్ధము కలుగును. రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష పదింటిని, వేడినీటిని ఇచ్చినచో చాలును. ఆముదము త్రాగింపవలదు. మధుమేహమున్నచో ద్రాక్ష మాని ఇసబ్‌గోలు వాడవలెను.

బిగుతు తొడుగును గూర్చి నాలుగు మాటలు. నాలుగు మొదలు ఆరు వారములు రాత్రింబవళ్లు దీనిని ధరింపవలెను. మన ఎండలలో ఇది శిక్షయే. రోహిణి కార్తెలో శస్త్రము పెట్టుకొని చెమటకాయలతో ఏడ్చినవారిని చూచితిని. వీలున్నచో కార్తీకము మొదలు మాఘము వరకు గల చలి దినములను ఎంచుకొనుట మేలు. రెండు తొడుగులు కొనవలెను. ఒకటి ఉతికి పూర్తిగా ఆరినపిదపనే మార్చవలెను. తడి తొడుగు గజ్జలో తామరను తెచ్చును. కుట్టు దగ్గర టాల్కం పౌడరు చల్లరాదు.

లిఫ్టు చేయించుకొన్నవారికి ఇంకొక ఇబ్బంది కలదు. అమెరికా పుస్తకములలో ఇది కనబడదు. నేల మీద కూర్చుండి లేచు జాతి మనది. పీట మీద భోజనము, బాసిపట్టు వేసికొని పూజ, గొంతుకూర్చుండి ముగ్గు, అన్నిటికి మించి నేలబారు మరుగుదొడ్డి! తొడలు చాచి ముడుచు ప్రతి పర్యాయము గజ్జలోని కుట్టు లాగును. కనీసము ఆరు వారములు కుర్చీ, మంచము, కమోడు ఉండవలెను. ఇంట కమోడు లేనిచో ప్లాస్టిక్ కుర్చీ కమోడు అద్దెకు తెచ్చుకొనవచ్చును. తులసి కోటకు ముగ్గు ఆ నెల అత్తగారు పెట్టినచో తులసమ్మ కోపగింపదు.

రెండవ వారమున దాదాపు ప్రతి స్త్రీయు కన్నీరు పెట్టుకొనును. అద్దములో చూచినచో తొడలు మునుపటికంటె లావుగా, నీలముగా కనబడును. తూచినచో బరువు పెరిగియుండును. అది కొవ్వు కాదు. గాయమునకు శరీరము పంపిన నీరు. వాపు చాలవరకు ఆరు వారములకు తగ్గును. అసలు ఆకారము తెలియుటకు మూడు మొదలు ఆరు మాసములు పట్టును. అంతవరకు టేపు పట్టుకొని దినమునకు నాలుగుసార్లు కొలుచుకొనుట వలన ప్రయోజనము లేదు. ఈ వారములో ఇంటివారి నోటినుండి వెలువడు ఒక్క వెటకారపు మాట, వారము దినముల నిద్రను హరించును.

ఇక ఫలితమును నిలుపుకొనుట. ఇచ్చట నేను కటువుగా వ్రాయక తప్పదు. తీసిన కొవ్వు కణములు తిరిగి పుట్టవు గనుక ఇక ఏమి తిన్నను భయము లేదని కొందరు దళారులు చెప్పుచున్నారు. 2011లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమువారు స్థూలకాయము లేని 32 మంది స్త్రీలపై చేసిన పరిశోధన దీనికి సమాధానము. తొడలు, పొత్తికడుపులలో కొవ్వు తీయించుకొన్నవారిలో ఏడాది తిరుగునప్పటికి శరీరమునందలి మొత్తము కొవ్వు తిరిగి వచ్చినది. తొడలు సన్నగానే ఉన్నవి. కొవ్వు వచ్చి చేరినది ఉదరమున. 2012లో బ్రెజిల్ దేశపు సావో పాలోలో ఉదరపు కొవ్వు తీయించుకొన్న 36 మంది స్త్రీలపై మరియొక పరిశోధన ప్రకటితమైనది. వ్యాయామము చేయనివారిలో ఆరు మాసములకు ఉదరకోశపు లోపలి కొవ్వు నూటికి పది వంతులు పెరిగినది. వారమునకు మూడు దినములు వ్యాయామము చేసినవారిలో పెరుగలేదు. తొడలలోని కొవ్వు కంటికి నచ్చకున్నను సాధారణముగా గుండెకు చేయు కీడు తక్కువ. పొట్టలోని కొవ్వు మధుమేహమునకు, గుండెజబ్బునకు దగ్గరి చుట్టము. శస్త్రచికిత్స అనంతరము ఊరక కూర్చున్న స్త్రీ మంచి కొవ్వునిచ్చి చెడు కొవ్వు కొనుక్కొన్నట్లే.

చరకుడు అష్టౌనిందితీయాధ్యాయమున స్థౌల్యమునకు చెప్పిన సూత్రము ఇచ్చట సరిగా సరిపోవును: కడుపు నిండవలెను, పుష్టి అధికము కారాదు. అందులకు ఆయన చెప్పిన ధాన్యములు కొర్రలు, ఆరికలు, జొన్నలు, యవలు. పప్పులు పెసలు, ఉలవలు, కందులు. మన రాయలసీమ, తెలంగాణపు పాత వంటలే ఇవి. గాయమున్నపుడు వలదన్న ఉలవలే, గాయము మానిన రెండు మూడు మాసములకు వారమున మూడు దినములు కట్టుగా త్రాగుటకు యోగ్యములు. పగటి నిద్ర మానవలెను. శస్త్రవైద్యుని అనుమతితో ఆరు వారముల తరువాత దినమునకు ముప్పది మొదలు నలుబదియైదు నిమిషములు నడక, క్రమముగా మెట్లెక్కుట, మూడు మాసముల పిమ్మట ఉత్కటాసనము. నుదుట, ముక్కున చెమట పట్టువరకే; అది అర్ధశక్తి వ్యాయామము. వారమున కొకసారి, ఒకే దినమున, ఒకే వేళ తూచుకొని రెండు కిలోలు పెరిగిన వెంటనే మేల్కొనవలెను. పది కిలోలు పెరిగినపిదప నా వద్దకు వచ్చి చూర్ణమడిగిన లాభము లేదు. సంతానము కావలసినవారు కాన్పుల తరువాతనే లిఫ్టును గూర్చి ఆలోచించుట ఉచితము; గర్భమున పెరిగిన బరువు బిగించిన చర్మమును తిరిగి సాగదీయును.

నా వృత్తిలోనివారిని గూర్చియు ఒక మాట. తొడలు కరగించు తైలములని, పదునైదు దినములలో మూడంగుళములు తగ్గునని ప్రకటనలు చూచుచున్నాను. తైలము చర్మమును మృదువుగా చేయును, వాతమును శమింపజేయును. కొవ్వు కణమును కరగించి బయటికి తీసుకొనిరాదు. ఉద్వర్తనము, అనగా పొడి నలుగు, మేదస్సును కరగించునని, అంగములకు దార్ఢ్యము నిచ్చునని వాగ్భటుడు చెప్పిన మాట నిజమే. పథ్యము, వ్యాయామములతో కూడిన దినచర్యలో భాగముగా ఆయన చెప్పెను. సీసాలో పోసి అమ్ముటకు కాదు. మూడు మాసముల తరువాత స్పర్శజ్ఞానము పూర్తిగా వచ్చినచో పెసరపిండి, ఉలవపిండి, త్రిఫలచూర్ణము సమభాగములుగా కలిపి వారమున రెండు పర్యాయములు తేలికగా క్రిందినుండి పైకి నలుగు పెట్టుకొనవచ్చును. చర్మము బిగిసి కాంతిగా ఉండును. అంతకు మించి నేను వాగ్దానము చేయను.

చివరగా మచ్చలు. వ్రణమునకు సుశ్రుతుడు చెప్పిన అరువది ఉపక్రమములలో మచ్చ రంగును చుట్టుపట్ల చర్మముతో కలుపుట, పోయిన వెంట్రుకలు మొలిపించుట కూడ కలవు. గాయము మానినంత మాత్రమున వైద్యము ముగియలేదని ఆయన మతము. లిఫ్టు కుట్టు మచ్చ మొదట ఎరుపై, గట్టిపడి, దురద పెట్టును. పండి పాలిపోవుటకు పండ్రెండు మొదలు పదునెనిమిది మాసములు పట్టును. సిలికాన్ పట్టీలను శస్త్రవైద్యుడు చెప్పినన్ని నెలలు అంటించుకొనవలెను. ఎండ తగులనీయరాదు. చర్మము పూర్తిగా కలిసి, ఎచ్చటను తడి లేదని శస్త్రవైద్యుడు చూచి చెప్పినపిదప, రాత్రి పూట స్వచ్ఛమైన నేతిని వ్రేలికొసతో అద్ది, మచ్చ వెంబడి రెండు నిమిషములు మెల్లగా రాయవచ్చును. మచ్చ ఉబ్బి, అంచులు దాటి పెరుగుచున్నచో రాయుట ఆపి ఆయనకు చూపవలెను. కొందరి చర్మమునకు కీలాయిడు స్వభావముండును, అట్టివారు ఈ సంగతి శస్త్రమునకు ముందే చెప్పియుండవలెను.